మూయని బ్రాకెట్టు

మొన్న ఆదివారం పప్పుకి తిరగమోత పెడుతుంటే హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. మా వెనకగదిలో ఉండి, కిందటేడు చనిపోయిన అబ్బాయి అన్నగారు. ఆయన ఎప్పుడు చేసినా ముందు మా ఆయన మోకాలి నొప్పి సంగతి అడుగుతారు, ఆ తరవాత ఇక్కడి వాన సంగతి. ఈసారి రెండూ అడగలేదు.

"అక్కగారూ, ఇవాళ ధైర్యం చేసి తమ్ముడి లాప్‌టాప్ తెరిచానండి. ఆ రోజు వాడు తెరిచి వదిలేసిన బ్రాకెట్టు అలాగే ఉంది. వాడు ఆపేసినదాన్ని మళ్ళీ ఆన్ చేసి, దాని పక్కన 'కో' అని కొట్టి చూశాను. కింద రెండు వచ్చాయండి. (కోపం లేదు) అని ఒకటి. (కోపంగానే ఉంది) అని ఇంకోటి."

నేను పొయ్యి కట్టేశాను.

"మీరు రోజూ వాడి పక్కనే ఉండేవారు కదా. ఏది రాయబోయాడో మీకు తెలిసే ఉంటుంది. చెప్పండక్కా."

నేనేం చెప్పానో చెబుతాను. కానీ ముందు ఆ అబ్బాయి సంగతి చెప్పాలి. లేకపోతే నేను చెప్పిన జవాబు రాతిగుండె మనిషి చెప్పినట్టు కనిపిస్తుంది.

మేముండేది ఐర్లండులో, డబ్లిన్ పక్కనున్న స్వోర్డ్స్‌లో. విమానాలు మా పెరటి మీదుగానే దిగుతాయి. మా ఆయన ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించి దించే పని చేస్తారు. నేను దగ్గర్లోనే, ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో, వంటింట్లో పని చేస్తాను. చదివింది అయిదో తరగతి. ఇల్లు అద్దెదే. ఆ అద్దె తట్టుకోలేక ఇంటాయన్ని అడిగి వెనకగది ఇంకొకరికి ఇస్తుంటాం. చదువుకునే పిల్లలు చాలామంది వచ్చారు, వెళ్ళారు. ఇతను వచ్చాడు, ఉండిపోయాడు.

వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి నోరు తెరిచాడు. మాట రాలేదు. పెదాలు కదులుతున్నాయి, మెడ నరం బిగుస్తోంది, చప్పుడు లేదు. చినుకులు పడుతున్నాయి, పాపం తడుస్తున్నాడు. మా ఆయనకి ఓపిక తక్కువ.

"గది చూడ్డానికేనా బాబూ? రా, రా, లోపలికి రా."

అతను కదల్లేదు. కుడిచేతి చూపుడువేలు పైకెత్తాడు. బడిలో పిల్లాడు ఎత్తినట్టు కాదు. ఆగండి అన్నట్టు. మేమిద్దరం అలా ఆగిపోయాం. కాసేపటికి బయటికొచ్చింది మాట.

"గ... గది చూడొచ్చా అండీ?"

"నేనన్నది అదేగా!" అన్నారు మా ఆయన.

"అవునండి. కానీ నేను అడగాలి కదా."

ఆ ఒక్క మాటలో మనిషి మొత్తం ఉన్నాడని నాకు అప్పుడు తెలియలేదు. నత్తి ఉన్నవాడు, మొహమాటస్తుడు అనుకున్నాను. మొహమాటం లేదు అతనికి. తన మాట ఇంకొకరు ముగిస్తే మాత్రం ఒప్పుకోడు, అంతే. కొట్లో, బస్సులో, మా భోజనాల బల్ల దగ్గర, ఎవరైనా సాయం చెయ్యబోయి అతని మాట అందుకుంటే ఆ వేలు లేచేది. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు కోసం ఒకసారి క్లినిక్‌కి ఫోను చేశాడు. పేరు మొదలుపెట్టేలోపు, లైను పోయిందనుకుని అక్కడి అమ్మాయి పెట్టేసింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ పెట్టేసింది. మా అమ్మాయి తను చేసిపెడతానంది. వేలు లేచింది. గొడుగు తీసుకుని, అంతదూరం నడిచి వెళ్ళి, క్లినిక్ అమ్మాయి ఎదురుగా నిలబడి తన పేరు తను చెప్పుకుని వచ్చాడు.

ఇంకో అలవాటు ఉండేది. ఏది తెరిచినా మూసేది ముందు చూసుకునేవాడు. పచ్చడి జాడీ తియ్యాలంటే మూతకి చోటు ఖాళీ చేసుకునేవాడు. సినిమాకి వెళ్ళాలంటే తిరిగొచ్చే బస్సు ముందు చూసుకునేవాడు. నేను నవ్వితే, "ఇది మా పనిలో అలవాటక్కా" అని లాప్‌టాప్ చూపించాడు. నల్లటి తెర, దాని మీద రంగురంగుల అక్షరాలు. కొటేషన్ గుర్తు ఒకటి కొట్టి వెంటనే దాని జోడీ కూడా కొట్టి, వెనక్కొచ్చి ఆ రెండింటి మధ్య రాశాడు. బ్రాకెట్టూ అంతే.

"ఇప్పుడొచ్చేవి వాటంతటవే మూసేస్తాయి. నాకు అది ఇష్టం ఉండదు. తెరిచినవాడే మూయాలి. తరవాత మూద్దాంలే అనుకుంటే మాత్రం మర్చిపోతాం."

ఒకరోజు టీ పట్టుకెళితే తెర వైపు చూసి ముసిముసిగా నవ్వుతున్నాడు. ఏమిటి బాబూ అంటే కూర్చోబెట్టి చెప్పాడు. వాళ్ళ పనిలో ఒకే మాట చాలాచోట్ల రాయాల్సి వస్తుందట. ఒక్క అక్షరం తేడా వచ్చినా పని చెయ్యదట. మామూలుగా, రెండక్షరాలు కొడితే మిషను ఆ ఒక్క పదం వరకే అందిస్తుంది. ఇతను తన కోసం ఒకటి తయారుచేసుకున్నాడు. కొటేషన్ తెరిచి రెండక్షరాలు కొడితే చాలు, గుణింతం గుర్తు కూడా మిషనుకి ఒక అక్షరమేనట, ఇంతకుముందు ఎక్కడో ఆ అక్షరాలతో మొదలుపెట్టి గుర్తుల మధ్య రాసుకున్న వాక్యం మొత్తం, చివరిదాకా, కిందకొచ్చి నిలబడుతుంది. కావాలంటే ఒక్క మీట నొక్కి తీసుకోవచ్చు. బ్రాకెట్లో రాసినదైతే బ్రాకెట్టంతా వస్తుంది.

"అంటే గిన్నె గిన్నె మోసుకురాకుండా క్యారేజీ పిడి పట్టుకుంటే అన్నీ వచ్చినట్టు," అన్నాను.

అతను చాలాసేపు నవ్వాడు. తరవాత ఆఫీసులో అందరికీ అదే చెప్పాడట, మా అక్క ఇలా అందని.

మా అమ్మాయి ఇక్కడే పెరిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసతో ఇంగ్లీషులో వస్తుంది. గుమ్మంలోంచి తొంగిచూసి, "ఇట్స్ జస్ట్ ఆటోకంప్లీట్, అంకుల్. మై ఫోన్ డజ్ దట్," అంది.

"న... నీ ఫోను నువ్వేం అంటావో ఊహిస్తుందమ్మా. ఇది ఊహించదు. నేను ఇదివరకు అన్నదే తెచ్చి చూపిస్తుంది. చూపించి ఆగుతుంది. నేను సరే అంటేనే వస్తుంది." వేలు పైకెత్తి చూపించాడు. "ఆగుతుంది. అదీ దీని గొప్ప."

"గ్రాండ్," అని, అంటే ఇక్కడ సరేలే అని, భుజాలెగరేసి వెళ్ళిపోయింది అది.

ఆదివారాలు వాళ్ళ అన్నగారు ఫోను చేసేవారు. అక్కడ మెడికల్ షాపు ఆయనకి. ఇతను స్పీకర్ పెట్టుకుని, మా వంటింట్లోనే కూర్చుని బీరకాయో చిక్కుడో ఒలుస్తూ మాట్లాడేవాడు. మాట్లాడేవాడు అనడం తప్పు.

"అన్నయ్యా, నేను ఇంకా అ... అన్న..."

"అన్నం తిన్నావు. మంచిది. చలికి తట్టుకోవాలంటే బాగా తినాలి. సెలవు పెట్టుకుని ఒకసారి రా."

అంతలో ఇతను నా వైపు చూసి నవ్వేవాడు. ఫోను పెట్టేశాక చెప్పేవాడు. "తినలేదు అనబోయాను అక్కా."

తండ్రి లేడు. నాలుగేళ్ళు పెద్దయిన అన్నే అన్నీ. బడిలో ఇతన్ని వెక్కిరించినవాళ్ళని కొట్టింది ఆయన. కొట్లో సరుకులు, బస్సులో టికెట్టు, మాస్టారి ప్రశ్నకి జవాబు అన్నీ ఆయనే అందించారు. పెళ్ళిచూపుల్లో కూడా. అమ్మాయి ఇతన్ని ఏదో అడిగితే, పక్కనుంచి అన్నగారు జవాబు చెప్పేశారు, మావాడికి మీరు నచ్చారని కూడా చెప్పేశారు.

"నచ్చలేదా?" అన్నాను.

"న... నచ్చిందక్కా. అదే కదా. ఆ మాటొకటి నా దగ్గర ఉండేది." చిక్కుడుకాయ ఈనె తీశాడు. "ఆ అమ్మాయి వద్దంది. మాట్లాడేవాడిని చేసుకోమంటే అన్నగారినే చేసుకోవాలి అందట."

ఇద్దరం నవ్వాం. నవ్వాక అతను అన్నాడు, "అన్నయ్య మీద కోపం రాదక్కా. వస్తుంది కూడా."

తరవాత ఒక రోజు పచ్చడి జాడీ మూత రాలేదు. బిగుసుకుందేమో అనుకున్నాడు. నేను తిప్పితే వచ్చేసింది. ఇంకొన్నాళ్ళకి చొక్కా గుండీ. ఆ తరవాత టీ గ్లాసు. డబ్లిన్‌లో పెద్దాసుపత్రికి పంపారు. అక్కణ్ణుంచి వచ్చిన సాయంత్రం మమ్మల్నిద్దరినీ బల్ల దగ్గర కూర్చోమన్నాడు. కుడివేలు సగమే లేస్తోంది అప్పటికి. అయినా లేపాడు, మా ఆయన వైపు.

చెప్పడానికి చాలాసేపు పట్టింది. నరాలు కండరాలకి పని చెప్పడం మానేసే జబ్బు. మందు లేదు. ముందు చేతులు. తరవాత నోటి మాట. ఆపైన మింగడం. ఆఖరికి ఊపిరి. తలకి మాత్రం ఏమీ కాదు, అన్నీ తెలుస్తూనే ఉంటాయి.

మా ఆయన తల దించుకుని బల్ల మీద లేని మెతుకులు ఏరుతున్నారు.

"మ... మాట పోవడం నాకు కొత్తేం కాదు బావగారూ," అన్నాడు అతను. "ప్రాక్టీసు ఉంది."

వాళ్ళన్నగారికి చెబుదామంటే వద్దన్నాడు. తనే చెప్పాలట. ఆ ఆదివారం చెప్పబోతే ఆయన మధ్యలో అందుకుని విటమిన్ల మాత్రలు పంపిస్తానన్నారు. చివరికి ఈమెయిల్లో రాశాడు.

ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు మేమిద్దరం ఒక పని చేశాం. నేను హోమ్‌లో పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి అతను వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఎదురుచూస్తుండేవాడు. ఎడమచేతి వేళ్ళు ఇంకా పని చేస్తున్నాయి. అవి ఉండగానే, తరవాత కావలసిన మాటలన్నీ కొటేషన్లలో పూర్తిగా రాసి దాచుకోవాలి. రేపు ఒక్క వేలే ఉంటే రెండక్షరాలు చాలు, మిగతాది మిషను తెచ్చి చూపిస్తుంది. వేళ్ళు కూడా పోతే తెర కింద ఒక పట్టీ పెడతారట, అది కంటిచూపు ఏ అక్షరం మీద ఆగిందో కనిపెడుతుంది. అప్పుడూ ఇదే.

"నీకు ముసలివాళ్ళ దగ్గర అలవాటు కదక్కా. చెప్పు. చేతకానివాడికి ఏమేం మాటలు కావాలి?"

నేను చెప్పేదాన్ని, అతను కొట్టేవాడు. “దాహంగా ఉంది.” “పక్కకి తిప్పండి.” “దిండు ఎత్తుగా ఉంది.” “గొంతులో అడ్డం పడింది.” “కిటికీ కొంచెం తియ్యండి.” కొన్నాళ్ళకి నా దగ్గర మాటలు అయిపోయాయి. అప్పుడు అతను మొదలుపెట్టాడు. “బావగారూ, టీవీ సౌండ్ తగ్గించండి.” “ఈ చారు నిన్నటిది.” “నా గురించి నా ఎదురుగానే మాట్లాడుకోండి.” “ఆగండి, నేను చెప్తాను.”

ఈ ఆఖరిది కొట్టి, లేవని కుడివేలు వైపు చూసుకున్నాడు.

ఒకరోజు నేనే అడిగాను. "బాబూ, మాటైతే సరే. నువ్వు నవ్వుతూ అన్నావో విసుక్కుని అన్నావో మాకెలా తెలుస్తుంది? మొహం కూడా కదలదంటున్నారే."

ఆ మాటతో అతను ఆ పూటకి పని ఆపేశాడు. మర్నాడు నేను వచ్చేసరికి దారి దొరికింది. కొటేషన్లలో ఉన్నది నోటి మాట. బ్రాకెట్లో ఉన్నది మొహం. మాట రాసి పక్కన మొహం పెడతాడు. (నవ్వుతున్నాను). (విసుగ్గా ఉంది). (ఊరికే అన్నాను). (భయంగా ఉంది). (అబద్ధం).

(కోపం లేదు) అని రాశాడు. దాని కిందే (కోపంగానే ఉంది) అని రాశాడు.

"రెండోది ఎందుకు బాబూ? మంచం మీద ఉన్నవాడు కోప్పడితే చేసేవాళ్ళ మనసు విరిగిపోతుంది. మంచిదే దాచుకో," అన్నాను.

అప్పటికి మాట ముద్దగా వస్తోంది. నత్తి కాదది, నాలుక బరువు. అయినా కొట్టకుండా నోటితోనే చెప్పాడు.

"కోపం లేదు అన్నదొక్కటే ఉంటే, ఎప్పుడు 'కో' కొట్టినా అదే వస్తుంది అక్కా. అప్పుడు అది నా మాట కాదు. మి... మిషను మర్యాద. రెండూ ఉండాలి. ఏరుకోగలిగితేనే నాది."

నేను టీ గ్లాసు అతని నోటికి పెట్టాను.

వేసవికి మాట పూర్తిగా పోయింది. కంటిచూపు పట్టీ వచ్చింది. ప్రభుత్వం వాళ్ళు పంపిన మంచం, రోజూ ఒళ్ళు తుడవడానికి ఒకామె. మిగతాది నేను. అన్నీ మెత్తగా గుజ్జు చేసి చెంచాతో పెట్టడం నాకు అలవాటు పనే. మొదటిరోజు సాంబారు అన్నం మిక్సీలో తిప్పి పెడితే తెర మీద వచ్చింది: “చాలా బాగుంది అక్కా.” పక్కన: (అబద్ధం). మా ఆయన పడీపడీ నవ్వారు. అతని మొహం రాయిలా ఉంది. కాసేపటికి (నవ్వుతున్నాను) వచ్చింది.

హాకీ కర్రల్లాంటివి పట్టుకుని ఆడే ఇక్కడి ఆట ఒకటుంది, మా ఆయనకి దాని పిచ్చి పట్టింది. వెనకగదిలో కుర్చీ వేసుకుని అతనితోపాటు చూస్తూ, మధ్యమధ్య పాటలందుకునేవారు. “బావగారూ, టీవీ సౌండ్ తగ్గించండి” ఎన్నిసార్లు వచ్చిందో. తగ్గించేవారు కారు. (కోపంగానే ఉంది) అని వస్తే మాత్రం తగ్గించేవారు. ఒకసారి అది వచ్చాక కూడా తగ్గించకపోతే, చూపు తిప్పితిప్పి కొత్త మాట ఒకటి కట్టాడు. దాచుకున్నది కాదు, ఒక్కో అక్షరమూ పేర్చినది. “మీరు పాడతారు, అదింకా ఘోరం.” అది కట్టేసరికి ఆట సగం అయిపోయింది. మా ఆయన ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు, ఎవరో బిరుదిచ్చినట్టు.

ఆకులు రాలే రోజుల్లో ఊపిరి తగ్గింది. ఆసుపత్రిలో చేర్చాం. ముక్కుకీ నోటికీ మాస్కు, దానికొక గొట్టం, బుస్సుమని చప్పుడు. వీసా దొరికి అన్నగారు వచ్చారు. విమానం దిగి నేరుగా వార్డుకే వచ్చి, తమ్ముడి కాళ్ళు పట్టుకుని ఏడ్చారు. మంచి మనిషి. అది నేను ఎవరి ముందైనా చెబుతాను. కానీ కుర్చీలో కూర్చున్నప్పటినుంచి మొదలైంది. తెర మీద “దా” అని వస్తే, "దాహమా? నీళ్ళు తెస్తా ఉండు." లేచి పరిగెత్తేవారు. తమ్ముడు నీళ్ళు మింగలేడని నర్సు చెప్పి ఆపాలి. “కి” అని వస్తే, "కిందకి దించమంటున్నాడు." అతను కిటికీ అనబోయాడు. అప్పుడు వచ్చేది తెర మీద: “ఆగండి, నేను చెప్తాను.” చదివి అన్నగారు నవ్వి కళ్ళు తుడుచుకునేవారు. మళ్ళీ రెండక్షరాలు రాగానే అందుకునేవారు. ఆయనకి వేరే ప్రేమ తెలియదు. చిన్నప్పుడు ఆ పిల్లాడి నోట్లో మాట ఇరుక్కుంటే లాగి బయటపెట్టడమే ఆయన నేర్చుకున్న ప్రేమ.

ఒక రోజు పదకొండింటప్పుడు పెద్ద డాక్టరమ్మ వచ్చింది. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంగ్లీషులో మాట్లాడుతుంటే మా అమ్మాయి నా చెవిలో చెప్పింది. మాస్కు ఇంక ఎక్కువ రోజులు సరిపోదు. గొంతుకి రంధ్రం చేసి మిషనుతో ఊపిరి పోయించవచ్చు, అలా కొంతకాలం ఉండవచ్చు, కదలిక ఏమీ రాదు, కళ్ళు కూడా తరవాత ఆగిపోవచ్చు. వద్దనుకుంటే బాధ లేకుండా మందులిచ్చి చూసుకుంటాం. ఇదివరకు మీరు ఒక నిర్ణయం చెప్పారు, ఇప్పుడూ అదేనా?

తెర మీద రెండక్షరాలు వచ్చాయి. కింద వాక్యం నిలబడింది. అతను తీసుకున్నాడు. “గొంతుకి రంధ్రం వద్దు. అంతా ఆలోచించే చెప్తున్నాను.” నేను చదివితే మా అమ్మాయి ఆవిడకి ఇంగ్లీషులో చెప్పింది.

అన్నగారు లేచి నిలబడ్డారు. ఆయనకి ఈ సంగతి అప్పుడే తెలియడం.

"వాడు రెండక్షరాలే కొట్టాడు డాక్టర్! మిగతాదంతా మిషనే రాసుకుంది. ఎప్పుడో పెట్టుకున్న మాట అది. ఇప్పుడు వాడి మనసులో ఏముందో అది చెప్పడం లేదు. మా తమ్ముడి సంగతి నాకు తెలుసు. వాడికి బతకాలని ఉంది!"

డాక్టరమ్మ ఆయన్ని కసురుకోలేదు. అతని వైపు వంగి, అవునంటే పైకి చూడమంది, కాదంటే కళ్ళు మూసుకోమంది. గొంతుకి రంధ్రం చెయ్యమంటారా అని అడిగింది. అతను కళ్ళు మూసుకున్నాడు. ప్రశ్న తిరగేసి ఇంకోలా అడిగింది. పైకి చూశాడు. ఆవిడకి అది చాలు. అన్నగారికి చాలలేదు.

"అలిసిపోయి మూసుకున్నాడండీ! అర్థం కాలేదు వాడికి!"

ఆయన గొంతు వార్డంతా వినిపించింది. అతని చూపు తెర మూలకి వెళ్ళింది, అక్కడినుంచి ఇంకో మూలకి. ఏం చేస్తున్నాడో మొదట మా అమ్మాయికే తెలిసింది.

"అమ్మా, హీ'జ్ టర్నింగ్ ఇట్ ఆఫ్."

తను తయారుచేసుకున్నది, ఇన్నాళ్ళూ తనకి నోరైనది, దాన్ని ఆపేశాడు. తెర ఖాళీ అయింది. ఒక కొటేషన్ గుర్తు వచ్చింది. కాసేపటికి దాని జోడీ వచ్చింది. చూపు వెనక్కి మళ్ళి ఆ రెండింటి మధ్యకి వెళ్ళింది.

ఇ.

మాస్కు బుస్సుమంటోంది. డాక్టరమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. ఫోను మోగితే కట్టేసి జేబులో పెట్టుకుంది.

ది.

"ఇదా? ఇది కావాలా నాన్నా? ఏది..."

నేను అన్నగారి వైపు తిరిగి నా చూపుడువేలు పైకెత్తాను. ఆయన నా వేలు చూశారు. ఎక్కడ చూశారో గుర్తొచ్చింది కాబోలు, నోరు మూసుకున్నారు.

తప్పు అక్షరం పడితే చెరిపాడు. కంట్లోంచి నీరు కారితే, అది ఏడుపు కాదు, రెప్ప వెయ్యకుండా చూడ్డం వల్ల, నేను దూది పెట్టి అద్దాను. కిటికీలోంచి మంచం కాళ్ళ దగ్గర పడుతున్న ఎండ నెమ్మదిగా గోడ ఎక్కింది. ఎవరో తెచ్చిపెట్టిన టీ మీద మీగడ కట్టింది. ప్రతి అక్షరానికీ అన్నగారి పెదాలు తెరుచుకుని, మళ్ళీ మూసుకున్నాయి. ఆ మనిషి పుట్టాక పడిన కష్టాలన్నిటిలోకీ అదే పెద్ద కష్టం అనుకుంటాను.

“ఇది నేనే అన్నయ్యా. వద్దు. నన్ను చెప్పనీ.”

అన్నగారు చదివారు. మంచం పట్టె మీద నుదురు ఆనించి, తమ్ముడి చల్లటి చెయ్యి తన తల మీద పెట్టుకున్నారు. "సరే నాన్నా. సరే," అన్నారు. డాక్టరమ్మ లేచి ఆయన భుజం తట్టి, అతనికి థాంక్యూ చెప్పి వెళ్ళింది.

అప్పుడు అతని చూపు మళ్ళీ తెర మీదికి వచ్చింది. కొటేషన్ దాటి, దాని పక్కకి.

(

మొహం పెడుతున్నాడు. అన్నగారు తలెత్తి చూశారు. అందరం కాచుకున్నాం. ఎప్పుడూ తెరవగానే మూసేవాడు కదా, జోడీ వస్తుందని నేను చూస్తున్నాను. రాలేదు. రెప్పలు వాలాయి. నర్సు వచ్చి చూసి, నిద్రపోతున్నాడంది, చాలా అలిసిపోయాడంది.

మర్నాటి నుంచి మందుల మత్తు. కళ్ళు తెరిచినా చూపు తెర మీద నిలవలేదు. ఆ వారం చివర ఒక ఉదయం, అన్నగారు చెయ్యి పట్టుకుని ఉండగా వెళ్ళిపోయాడు. లాప్‌టాప్‌లో ఉన్నది ఎవరూ ముట్టుకోకూడదని అన్నగారు నర్సులందరికీ చెప్పుకున్నారు. విమానంలో కూడా దాన్ని సామాన్లలో వెయ్యలేదు, ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారు.

అదీ సంగతి. ఇప్పుడు ఫోనులో ఆ మనిషి అడుగుతున్నారు, ఏది రాయబోయాడని.

కోపం లేదు అని చెప్పడం నాకెంతసేపు? చెబితే ఆయన ఆ పూట కడుపునిండా తింటారు, కంటినిండా నిద్రపోతారు. నాకూ అదే అయి ఉంటుందని ఆశ. మూకుడులో ఆవాలు నల్లబడ్డాయి. పెరటి మీదుగా విమానం దిగుతుంటే ఆ మోత పోయేదాకా ఊరుకున్నాను. ఏరుకోగలిగితేనే నాది అన్నవాడు, అదే బల్ల దగ్గర, అదే కుర్చీలో కూర్చునే అన్నాడు ఆ మాట.

"బాబూ," అన్నాను, "ఆ రెండూ అతను రాసుకున్నవే. మూడోది కూడా అయి ఉండొచ్చు. నాకు తెలియదు."

"మీకు తెలుసక్కా. మీరు చెబితే నేను నమ్ముతాను."

"అందుకే చెప్పలేను."

అవతల ఏడుపు. మగవాళ్ళు నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చే ఏడుపు. నేను ఫోను పెట్టలేదు.

"అయితే నేనేం చెయ్యనండీ?" అన్నారు.

"మీరు కొట్టిన ఆ 'కో' చెరిపెయ్యండి."

"చెరిపేసి?"

"అంతే. అలా ఉండనివ్వండి."

ఆయన ఊపిరి వినిపిస్తోంది. తరవాత ఫోనులో, మీట నొక్కిన చప్పుడు ఒకసారి వినిపించింది. కొంత ఆగి, ఇంకోసారి.

ముందు ఓత్వం పోయి ఉంటుంది. తరవాత క.